ప్రయోగశాలలు పెరిగాయి... భద్రత మాటేమిటి?
వర్ధమాన దేశాలలో భవనాలకు నిధులున్నా, నిర్వహణకు కరువు

న్యూఢిల్లీ: అంటువ్యాధులు విజృంభించిన ప్రతిసారీ వర్ధమాన దేశాలలో వ్యాధి నిర్ధారణ ప్రయోగశాలల సంఖ్య పెరుగుతున్నది. కానీ వాటిలో పనిచేసే సిబ్బందికి, చుట్టుపక్కల నివసించే ప్రజలకు రక్షణ కల్పించే ఏర్పాట్లు అదే వేగంతో పెరగడం లేదు. భవనాలకు, యంత్రాలకు విరాళమిచ్చే దాతలు దొరుకుతున్నారు. ఆ యంత్రాలను ఏటా తనిఖీ చేయించి, మరమ్మతులు జరిపించి, అంతరాయం లేని విద్యుత్తును అందించే ఖర్చును భరించేవారే కరవయ్యారు. ప్రయోగశాలల్లో జీవ సంబంధ ప్రమాదాల నివారణను పటిష్ఠం చేయాలంటూ జెనీవాలో 2024 మే నెలలో ప్రపంచ ఆరోగ్య మహాసభ తీర్మానం ఆమోదించడానికి నేపథ్యం ఇదే.

సిలిగురి చెప్పిన పాఠం

ప్రయోగశాల కొరవడితే ఏమవుతుందో భారతదేశానికి అనుభవపూర్వకంగా తెలుసు. 2001 జనవరి, ఫిబ్రవరి నెలల్లో పశ్చిమ బెంగాల్‌లోని సిలిగురిలో అంతుచిక్కని జ్వరం 66 మందికి సోకింది. వారిలో మూడింట రెండు వంతులకు పైగా మరణించారు. రోగులలో అత్యధికులు ఆసుపత్రులతో సంబంధం ఉన్నవారే. సేవలందించిన సిబ్బంది, రోగులను చూడవచ్చిన బంధువులు వ్యాధికి గురయ్యారు. అది నిపా వైరస్ అన్న సంగతి భద్రపరచిన నమూనాలను తర్వాత పరీక్షించిన మీదట గాని బయటపడలేదు. ఆ వివరాలు 2006లో వెలువడ్డాయి.

అంతకు ముందు 1994లో సూరత్‌లో ప్లేగు భయం వ్యాపించినప్పుడూ వ్యాధిని సత్వరం, నిస్సందేహంగా నిర్ధారించలేకపోవడం వల్ల గందరగోళం పెరిగింది. లక్షలాది మంది నగరం విడిచి పోయారు. విమానాలు రద్దయ్యాయి, ఎగుమతులు నిలిచాయి. యాభైకి పైగా ప్రాణాలు పోగా, ఆర్థిక నష్టం వంద కోట్ల డాలర్లను మించిందని అంచనాలు వెలువడ్డాయి.

ఆ తర్వాత పరిస్థితి మెరుగుపడింది. భోపాల్‌లో పశువ్యాధుల కోసం అత్యున్నత భద్రతగల ప్రయోగశాల ఏర్పడింది. పుణేలోని జాతీయ వైరాలజీ సంస్థలో 2012 డిసెంబరులో నాలుగవ స్థాయి ప్రయోగశాల ప్రారంభమయింది. 2018 మే నెలలో కేరళలోని కోజికోడ్ ప్రాంతంలో నిపా కనిపించినప్పుడు కొద్ది రోజుల్లోనే నిర్ధారణ జరిగింది. 2020 ఆరంభంలో కరోనా వైరస్ పరీక్షలు పుణే సంస్థకే పరిమితం కాగా, ఆ ఏడాది ముగిసేసరికి దేశంలో పరీక్షా కేంద్రాల సంఖ్య రెండు వేలు దాటింది. పొరుగున ఉన్న నేపాల్ 2020 జనవరిలో తన తొలి కరోనా నమూనాను నిర్ధారణ కోసం హాంకాంగ్‌కు పంపవలసి వచ్చింది.

అయితే కేంద్రాల సంఖ్య పెరిగేకొద్దీ ప్రమాదకరమైన నమూనాలను తాకే చేతుల సంఖ్యా పెరుగుతుంది. అసలు సమస్య ఇక్కడే మొదలవుతున్నది.

రెండు మాటలు, రెండు బాధ్యతలు

ఈ రంగంలో జీవ భద్రత, జీవ పరిరక్షణ అనే రెండు మాటలు తరచు వినిపిస్తాయి. క్రిముల బారి నుంచి మనుషులను కాపాడడం మొదటిది. దురుద్దేశం గల మనుషుల చేతికి క్రిములు చిక్కకుండా కాపాడడం రెండవది. ప్రయోగశాలలను భద్రతను బట్టి నాలుగు స్థాయులుగా విభజించారు. సాధారణ రక్త, మూత్ర పరీక్షలు జరిపే కేంద్రాలు ప్రాయికంగా రెండవ స్థాయిలోకి వస్తాయి. క్షయ క్రిములను పెద్దయెత్తున పెంచి పరీక్షించే పనికి మూడవ స్థాయి ఏర్పాట్లు కావాలి. ఎబోలా, నిపా వంటి వైరస్‌లను పెంచి పరిశోధించడానికి నాలుగవ స్థాయి తప్పనిసరి.

సంపన్న దేశాలలోనూ ప్రమాదాలు జరగకపోలేదు. ప్రకృతిసిద్ధంగా వచ్చిన చివరి మశూచి కేసు 1977లో సోమాలియాలో నమోదు కాగా, మరుసటి ఏడాదే బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్‌లో మశూచి ప్రయోగశాల ఉన్న భవనంలో పనిచేసే ఒక వైద్య ఛాయాగ్రాహకురాలు అదే వ్యాధితో మరణించారు. 2004లో బీజింగ్‌లోని ప్రయోగశాల నుంచి సార్స్ వైరస్ బయటికి పొక్కింది. 2019లో చైనాలోని లాంఝౌ నగరంలో పశువుల టీకాలు తయారుచేసే కర్మాగారం గడువు తీరిన క్రిమిసంహారిణిని వాడడంతో బ్రుసెల్లా క్రిములు వ్యర్థ వాయువులతో కలిసి గాలిలోకి వెళ్లాయి. 2020 నవంబరు నాటికి పరీక్షల్లో వాటి జాడ కనిపించినవారి సంఖ్య పది వేలు దాటింది.

భారతదేశంలోనూ ఒక ఉదంతం ఉన్నది. ప్రకృతిలో తిరిగే రెండవ రకం పోలియో వైరస్ 1999లో ఉత్తరప్రదేశ్‌లోని అలీగఢ్‌లో చివరిసారి కనిపించింది. కానీ 2002-2003 సంవత్సరాలలో పక్షవాతం సోకిన కొందరు పిల్లలలో రెండవ రకం మళ్లీ బయటపడింది. పరిశీలించగా అది ఊళ్లలో తిరిగే వైరస్ కాదనీ, ప్రయోగశాలలలోను, టీకాల తయారీలోను వాడే ఎంఇఎఫ్-1 రకమనీ తేలింది. నిర్మూలించామనుకున్న వ్యాధి సీసాల నుంచే తిరిగి రాగలదని ఈ ఉదంతం హెచ్చరించింది.

గాలి వడపోత, కరెంటు కోత

ప్రమాదం ఎప్పుడు జరిగిందో చాలా సందర్భాల్లో బాధితులకే తెలియదు. అమెరికా శాస్త్రజ్ఞుడు పైక్ 1976లో ప్రకటించిన ప్రసిద్ధ అధ్యయనంలో ప్రయోగశాలల్లో సోకిన 3,921 వ్యాధి కేసులను పరిశీలించగా, వాటిలో 20 శాతం కంటె తక్కువ కేసులకు మాత్రమే ఫలానా ప్రమాదం కారణమని చెప్పడం సాధ్యమయింది. తక్కిన వాటిలో చాలా భాగం కంటికి కనిపించని తుంపరల ద్వారా సోకి ఉంటాయని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు.

ఈ తుంపరలను అడ్డుకొనేందుకే భద్రతా క్యాబినెట్లు అవసరమవుతాయి. క్యాబినెట్ ముందు భాగం నుంచి గాలిని లోపలికి లాగి, సన్నని వడపోత పొర గుండా పంపి శుభ్రపరుస్తుంది. సూక్ష్మాతిసూక్ష్మమైన కణాలలో 99.97 శాతాన్ని ఈ పొర పట్టివేస్తుంది. అయితే గాలి వేగం తగ్గినా, పొర చిరిగినా పైకి ఏమీ కనిపించదు. మోటారు శబ్దం యథాప్రకారం వినిపిస్తూనే ఉంటుంది. అందుచేత ఏడాదికొకసారైనా నిపుణుడు పరికరాలతో పరీక్షించి ధ్రువీకరించాలి. అటువంటి నిపుణులు చాలా పేద దేశాల్లో లేరు. విదేశాల నుంచి రప్పించాలంటే విమాన ఛార్జీలు, రుసుము, విడిభాగాలపై సుంకం అన్నీ కలిసి చిన్న ప్రయోగశాల బడ్జెట్‌కు మించిపోతాయి. ఫలితంగా లేని రక్షణ ఉన్నదనే భ్రమలో సిబ్బంది పనిచేస్తున్నారు.

మూడవ స్థాయి ప్రయోగశాలల పరిస్థితి మరింత క్లిష్టమైనది. లోపలి గాలి బయటికి రాకుండా అక్కడ పీడనాన్ని నిరంతరం తక్కువగా ఉంచాలి. ఇందుకు రేయింబవళ్లు విద్యుత్తు కావాలి. కరెంటు కోతలు నిత్యకృత్యమైన ప్రాంతాలలో జనరేటర్‌కు డీజిల్ ఖర్చు అంతర్భాగమవుతుంది. దాతల ప్రాజెక్టు గడువు ముగిసిన మరునాటి నుంచి ఆ ఖర్చు స్థానిక ప్రభుత్వంపై పడుతుంది.

ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ

ఈ వాస్తవాలను దృష్టిలో ఉంచుకొనే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ప్రయోగశాలల జీవ భద్రతా కరదీపిక నాలుగవ కూర్పులో వైఖరిని మార్చుకున్నది. అన్ని చోట్లా ఒకే మూస భవనాలు కట్టాలనడం కంటె, చేసే పనిలో ఉన్న ముప్పును అంచనా వేసి తగిన రక్షణ ఏర్పాటు చేసుకోవడం మేలని సూచించింది. క్షయ పరీక్షలే ఇందుకు ఉదాహరణ. కళ్లెను గాజు పలకపై పూసి సూక్ష్మదర్శినితో చూసే పరీక్షను గాలి బాగా ఆడే గదిలో, మామూలు బల్లపైనే జరపవచ్చు. క్రిములను పెంచే పనికి మాత్రం పటిష్ఠమైన ఏర్పాట్లు కావాలి. ఈ తేడాను గుర్తిస్తే మారుమూల కేంద్రాలకు ఎంతో డబ్బు ఆదా అవుతుంది.

పిపెట్‌ను నోటితో పీల్చడం మానుకోవడం, వాడిన సూదికి తిరిగి మూత పెట్టకుండా డబ్బాలో వేయడం, బ్లీచింగ్ ద్రావణాన్ని ఏ రోజుకారోజు కలుపుకోవడం, ఆటోక్లేవ్ నిజంగా 121 డిగ్రీల వేడికి చేరుతున్నదో లేదో పరీక్షించడం వంటి జాగ్రత్తలకు పెద్దగా ఖర్చు కాదు. సిబ్బందికి హెపటైటిస్-బి టీకా వేయించడం అన్నిటికంటె చవకైన రక్షణ. టీకా వేయించుకోని వ్యక్తికి ఆ వ్యాధిగ్రస్తుని రక్తం అంటిన సూది గుచ్చుకుంటే వ్యాధి సోకే అవకాశం 30 శాతం వరకు ఉంటుంది. ఎయిడ్స్ వైరస్ విషయంలో ఇది 0.3 శాతం మాత్రమే.

భారతదేశంలో 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిబంధనలు ప్రయోగశాలల వ్యర్థాలను అక్కడికక్కడే క్రిమిరహితం చేసిన తరువాతే బయటికి పంపాలనీ, సిబ్బందికి హెపటైటిస్-బి, ధనుర్వాతం టీకాలు వేయించాలనీ స్పష్టంగా నిర్దేశిస్తున్నాయి. చిన్న పట్టణాలలో రెండు గదుల్లో నడిచే పరీక్షా కేంద్రాలకూ ఇవి వర్తిస్తాయి. వాటిని అమలు జరిపించే తనిఖీ యంత్రాంగమే కీలకం.

యుద్ధం వస్తే...

ఫ్రిజ్‌లలో దాచిన నమూనాల రక్షణ మరో సమస్య. 2023 ఏప్రిల్‌లో సూడాన్ రాజధాని ఖార్టూమ్‌లో పోరాడుతున్న వర్గాలలో ఒకటి జాతీయ ప్రజారోగ్య ప్రయోగశాలను ఆక్రమించి సిబ్బందిని వెళ్లగొట్టింది. పోలియో, తట్టు, కలరా నమూనాలు అక్కడ ఉన్నందున తీవ్రమైన జీవ సంబంధ ప్రమాదం పొంచి ఉన్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించింది. 2025 జనవరిలో కాంగోలోని గోమా నగరంలో పోరు సాగినప్పుడు, ఎబోలా నమూనాలున్న ప్రయోగశాలకు విద్యుత్తు నిలిచిపోతే ఏమవుతుందోనని అంతర్జాతీయ రెడ్‌క్రాస్ ఆందోళన వెలిబుచ్చింది.

ముప్పు బయటి నుంచే రానవసరం లేదు. 2001లో అమెరికాలో ఆంత్రాక్స్ పొడి నింపిన ఉత్తరాల వల్ల ఐదుగురు మరణించగా, సైనిక ప్రయోగశాలలో పనిచేసే శాస్త్రజ్ఞుడే అందుకు బాధ్యుడని దర్యాప్తు సంస్థ 2010లో నిర్ధారణకు వచ్చింది. ఏ సీసాలో ఏమున్నది, ఎవరు తీశారు, ఎప్పుడు తిరిగి పెట్టారు అనే వివరాలు రాసే రిజిస్టరు, ఫ్రిజ్‌కు తాళం, అవసరం తీరిన నమూనాల ధ్వంసం, ఇవి ఏ పేద దేశానికైనా సాధ్యమయ్యేవే.

కొత్త ప్రయోగశాలకు శంకుస్థాపన చేసే రోజునే దాని పదేళ్ల నిర్వహణ వ్యయాన్ని బడ్జెట్‌లో చూపడం, క్యాబినెట్లను తనిఖీ చేయగల సాంకేతిక నిపుణులను దక్షిణాసియాలోనే తయారు చేసుకొని పొరుగు దేశాలతో పంచుకోవడం తక్షణ కర్తవ్యాలు. నాసిక్‌లో 2022 ఫిబ్రవరిలో ప్రారంభమై, మరుసటి ఏడాది నిపా సందర్భంగా కోజికోడ్‌కు తరలివెళ్లిన సంచార మూడవ స్థాయి ప్రయోగశాల, ప్రతి జిల్లాలోనూ ఖరీదైన భవనం కట్టనవసరం లేదని నిరూపించింది. జెనీవా తీర్మానం ఫలించాలన్నా ఈ పద్దుకు ప్రభుత్వాలు ఏటా నిధులు కేటాయించవలసి ఉంటుంది.