తీరు మార్చుకున్న ఎలెక్ట్రాన్ జంటలు

విద్యుత్తును ఉత్పత్తి చేయటం ఒక ఎత్తు, దారిలో పోగొట్టుకోకుండా గమ్యం చేర్చటం మరొక ఎత్తు. తీగ వేడెక్కిన మేరకు నష్టపోయినట్లే. 1911లో హాలెండు శాస్త్రవేత్త కామర్లింగ్ ఓన్స్ పాదరసాన్ని సుమారు 4.2 కెల్విన్లకు చల్లబరచగా దాని నిరోధం ఒక్కసారిగా మాయమైంది. దీనినే అతివాహకత అంటున్నాము.

కారణం తెలియటానికి 46 ఏళ్లు పట్టింది. 1957లో బార్డీన్, కూపర్, ష్రీఫర్‌లు ఇచ్చిన వివరణ ఇది: లోహంలో సాగిపోయే ఎలెక్ట్రాన్ చుట్టుపక్కల ధన అయాన్లను కొద్దిగా తనవైపు లాగుతుంది. అవి యథాస్థానానికి చేరేలోపు, అక్కడ పోగుపడిన ధనావేశం మరొక ఎలెక్ట్రాన్‌ను ఆకర్షిస్తుంది. ఇట్లు ఏర్పడిన జంట అన్ని దిక్కులలోను దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. అల్యూమినియంలో ఒక జంట నిడివి వేలాది పరమాణువుల దూరం.

1986లో బెడ్నార్జ్, ముల్లర్‌లు రాగి ఆక్సైడు పింగాణీలో అతివాహకతను కనుగొన్నారు. మరుసటి ఏడే ఇట్రియం, బేరియం కలిసిన రాగి ఆక్సైడు 90 కెల్విన్లను దాటింది. ఖరీదైన ద్రవ హీలియంతో పనిలేదు, 77 కెల్విన్ల ద్రవ నైట్రోజన్ చాలును. నష్టం లేని కేబుళ్లు రేపో మాపో వచ్చేస్తాయని ఇంజనీరింగు లోకం సంబరపడింది.

చిక్కు జంటలోనే ఉంది. ఇక్కడ ఎలెక్ట్రాన్ల వికర్షణ ఎంత బలమైనదంటే, ఒకే రాగి పరమాణువుపై రెండు ఇమడటం కష్టం. కనుక పక్కపక్క పరమాణువులపై నిలిచి జతకడతాయి. ఆ జంట రూపం నాలుగు రేకుల పూవు వంటిది. ఎదురెదురుగా ఉన్న రెండు రేకుల గుర్తు ధనమైతే, మిగిలిన రెండింటిది ఋణం. రేకుల నడుమ బంధం శూన్యం. ఈ గుర్తు విద్యుదావేశానిది కాదు, జంట తరంగానిది.

1994లో ఐ.బి.ఎం. శాస్త్రవేత్తలు త్సుయి, కర్ట్లీల బృందం దీనిని పరీక్షించింది. మూడు స్ఫటికాలు వేర్వేరు కోణాలలో కలిసే కూడలి చుట్టూ చిన్న ఉంగరం మలచింది. మామూలు అతివాహక ఉంగరంలో అయస్కాంత అభివాహం పూర్ణ ప్రమాణాలలోనే చిక్కుతుంది. ఇక్కడ చిక్కినది సగం! ఉంగరం చుట్టివచ్చేలోగా గుర్తు తారుమారైనదన్న మాట. ఇంత తేటయైన ప్రయోగం మాకు మరొకటి తోచదు.

ఇక తీగ సంగతి. పింగాణీ అంటే లెక్కలేనన్ని రేణువుల ముద్ద. పక్క రేణువు దిశ పది డిగ్రీలు తేడాపడినా ప్రవాహం బాగా తగ్గిపోతుంది. రేకులు ఒకదానితో ఒకటి పొసగకపోవటం ఒక కారణం. జంట నిడివి ఒకటి రెండు నానోమీటర్లే కావటంతో సరిహద్దులోని చిన్న లోపం సైతం అడ్డుగోడ కావటం మరొకటి. అందువలన రాగి తీగను లాగినట్లు దీనిని లాగటానికి వీలులేదు. వెండి తొడుగులో పెట్టి పట్టీగా చదును చేయటమో, లోహపు రిబ్బనుపై పలుచని పొరగా పెంచటమో చేసి, రేణువులన్నింటినీ ఒకే దిశకు తిప్పవలసి వచ్చింది. ఖరీదంతా అక్కడే. ఆసుపత్రులలోని ఎమ్.ఆర్.ఐ. యంత్రాలలో నేటికీ ఎక్కువగా ఉన్నది నియోబియం, టైటానియం మిశ్రమ లోహపు తీగే, అందులో ఉన్నవి ఆ పాత తరహా జంటలే.