మంచులో కుందేలు: చలికన్న తడితోనే ముప్పు

చిలమత్తూరు: మార్గశిరం, పుష్యం వచ్చాయంటే చిలమత్తూరు, లేపాక్షి ప్రాంతాల చేలల్లో గడ్డి తడి పొద్దెక్కేదాకా ఆరదు. ఇంట్లో తెల్ల కుందేలును సాకుతున్న పిల్లలకు ఇదే సరదా వేళ. దాన్ని ఎత్తుకొచ్చి మంచులో వదులుతారు, గెంతుతుంటే మురిసిపోతారు. మర్నాడు అది మేత ముట్టక మూలన ముడుచుకుంటే చలి కొట్టిందంటారు పెద్దలు. పాపం, చలి మీద వేస్తున్న ఈ నేరంలో సగమే నిజం.

నిజానికి కుందేలు చలికి బాగా ఓర్చుకునే జీవి. చలికాలంలో కొండలు మంచు కప్పుకునే హిమాచల్ ప్రదేశ్‌లోని కులూ జిల్లా గార్సాలో అంగోరా కుందేళ్లను ఉన్ని కోసం పెంచుతున్నారు. కేంద్ర గొర్రెలు, ఉన్ని పరిశోధనా సంస్థకు అక్కడ శాఖ ఉంది. తమిళనాడులో కొడైకెనాల్ కొండల్లోని మన్నవనూరులో అదే సంస్థ వైట్ జెయింట్, సోవియట్ చించిల్లా జాతులను పెంచుతోంది. చల్లని తావులను ఎంచుకున్నది ఊరకే కాదు. కుందేలుకు మనలాగ చెమట పోయదు. ఒంటి వేడి చాలావరకు ఆ పొడుగు చెవుల గుండానే బయటికి పోవాలి. వేడి 30 డిగ్రీలు దాటితే రొప్పుతుంది. దానికి గండమంతా మన ఎండాకాలమే.

మరి మంచులో జబ్బు పడేదెందుకు? మన వాడుకలో మంచు ఒకటే మాట. కులూ కొండల మీద పడేదీ మంచే, మన గడ్డి కొసల మీద నిలిచేదీ మంచే. కుందేలుకు మాత్రం ఈ రెండూ ఒకటి కావు. అక్కడి పొడి మంచు బొచ్చు మీద పడితే దులుపుకుంటే రాలిపోతుంది. ఇక్కడిది ఉత్త నీళ్లు. బొచ్చు పైపైన తడిస్తే ఫరవాలేదు. లోపలి మెత్తని నూగు దాకా తడిసి, ఆపైన గాలి తగిలితే ఒంటి వేడి చల్లారిపోతుంది. పొట్ట కింద, పాదాల వద్ద మొదట తడుస్తుంది. వీపు నిమిరి పొడిగానే ఉందనుకునేవారు మోసపోయేది ఇక్కడే.

అందుచేత పొద్దు పొడిచి, గాలి లేని వేళ పది నిమిషాలు తిప్పితే చాలు. పక్కనే పొడి గోనెసంచి పరచి ఉంచితే విసుగు పుట్టగానే అదే వచ్చి కూర్చుంటుంది. నెల పిల్లలను, ముసలివాటిని, జబ్బువాటిని వదలరాదు. కుక్కలు, పిల్లులు, గద్దల మీద కన్ను ఉండాలి. చెవులు పట్టి ఎత్తడం మన పల్లెల్లో ఉన్న చెడ్డ అలవాటు. ఛాతీ కింద ఒక చెయ్యి, వెనుక కాళ్ల కింద ఒక చెయ్యి వేసి ఎత్తాలి. లేకపోతే తన్నుకుని వెన్నెముక విరగ్గొట్టుకుంటుంది.

ఇంటికి తెచ్చాక పొట్ట, పాదాలు పొడిగుడ్డతో ఒత్తాలి. పొయ్యి దగ్గర పెట్టరాదు. రాత్రివేళ గూటికి గాలి కొట్టే వైపు మాత్రమే గోనె కట్టాలి. నలువైపులా మూసేస్తే మూత్రపు ఘాటుకు ఊపిరితిత్తులు చెడతాయి. కింద పొడి వరిగడ్డి మందంగా వెయ్యాలి.

మేతకు ఎండుగడ్డి, కొద్దిగా మల్బరీ ఆకు మంచివి. మందు కొట్టిన తోట ఆకు వద్దు. పట్టుపురుగుకు వేయడానికి రైతు జంకే ఆకును కుందేలుకూ పెట్టరాదు. తడిగా కుప్ప పోసి వేడెక్కిన గడ్డి కడుపు ఉబ్బరం తెస్తుంది.

పొలాల్లో కనిపించే అడవి కుందేలు సంగతి వేరు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టి పెంచుకోవడం నేరం.

పెంపుడు కుందేలు పూటంతా మేత ముట్టక, పెంటికలు వెయ్యకపోతే తెల్లవారేదాకా చూడరాదు. చెవులు చల్లబడి మెడ వాల్చేస్తే పొడిగుడ్డలో చుట్టి, ఒంటికి హత్తుకుని వెంటనే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాలి.