అటక మీది తుపాకి సంగతి బడిలో చెప్పాలి

పలమనేరు: నాటు తుపాకిలో మందు కూరి వుందో లేదో పైకి చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. గొట్టంలోకి కడ్డీ దింపి కొలిస్తే తప్ప తెలియదు. అలాంటి తుపాకులు అడవి అంచు పల్లెల్లో అటకల మీద, పశువుల కొట్టాల చూరుల్లో, గడ్డివాముల్లో దాగి వున్నాయన్నది అందరికీ తెలిసిన రహస్యమే. పెద్దలు ఆ మాట ఎత్తరు. ఎక్కడ దాచారో పిల్లలకు మాత్రం బాగా తెలుసు.

పలమనేరు, కుప్పం ప్రాంతాల్లో కౌండిన్య అభయారణ్యాన్ని ఆనుకుని సేద్యం చేసే రైతు అడవి పందులతో పడే బాధ ఇంతా అంతా కాదు. ఒక్క రాత్రి గుంపు దిగిందంటే వేరుశనగ చేను దున్నినట్టు అయిపోతుంది. ఏనుగుల సంగతి సరేసరి. పంట కాపాడుకోవాలని కొందరు, మాంసం కోసం కొందరు తుపాకి పట్టారు. అందులో ఎవరిది ఎంత తప్పన్న తగువు ఇక్కడ పెట్టుకోవడం లేదు. ఆ తుపాకి వున్న ఇంట్లోనే ఐదో తరగతి చదివే పిల్లవాడూ వున్నాడు. అదీ అసలు చిక్కు.

కూరితే తీయడం కష్టం

పోలీసుల దగ్గర వుండే తుపాకి నుంచి తూటా బయటికి తీయవచ్చు. నాటు తుపాకి అలా కాదు. మూతి నుంచి మందు పోసి, పీచు కుక్కి, గుళ్లు వేసి, మళ్లీ పీచు కుక్కి కడ్డీతో బిగిస్తారు. ఒకసారి కూరాక దాన్ని ఖాళీ చేయాలంటే పేల్చడమే సులువైన దారి. రాత్రంతా కాపు కాసి, పంది కంటబడక తెల్లవారుజామున ఇల్లు చేరిన మనిషి ఊళ్లో దాన్ని పేల్చలేడు. పేలిస్తే నలుగురికీ తెలుస్తుంది. అందుకని కూరిన తుపాకిని కూరినట్టే అటక ఎక్కిస్తాడు. మరునాటికి మరిచిపోతాడు కూడా.

ఆ మందు పొడిగా వున్నంత కాలం చావదు. ఏళ్ల కిందట కూరినదైనా పేలవచ్చు. పైగా ఆ గొట్టం తుపాకి కోసం పోత పోసింది కాదు, ఏ పాత నీళ్ల పైపో అయివుంటుంది. ముందుకు పేలాల్సింది పక్కకు పగిలితే పట్టుకున్న వాడి చేతి వేళ్లూ కళ్లూ పోతాయి.

దీపావళికి రీలు తుపాకి కొనిపెడితే పిల్లలు ఒకరి గుండెకు ఒకరు గురిపెట్టి ఆడుకుంటారు. చూసి మనం నవ్వుతాం. అటక మీది తుపాకి చేతికి అందిన రోజున పిల్లవాడు చేసేదీ అదే పని.

పందికి పెట్టిన ఉండ

తుపాకి కంటే పాడుది పంది బాంబు. నిమ్మకాయంత ఉండ చేసి, పంది కొరికితే పేలేటట్టు తిండి పూసి చేను గట్టున పెడతారు. పంది తినకపోతే అది అక్కడే పడి వుంటుంది. కుక్కలకు, ఆవులకు దవడలు ఎగిరిపోయిన సంగతులు పల్లెల్లో కొత్త కాదు. 2020 మేలో కేరళలోని పాలక్కాడు జిల్లాలో పేలుడు మందు పెట్టిన కాయ కొరికి, చూడి ఏనుగు నోరు ఛిద్రమై నీళ్లలో నిలబడి ప్రాణం విడిచింది. దేశమంతా అయ్యో అన్నది.

మేకల వెంట, చింతకాయల కోసం, సీతాఫలాల కోసం గట్లమ్మట తిరిగేది పిల్లలే. గుడ్డ చుట్టినదో, దారం చుట్టినదో గుండ్రటి వస్తువు కనబడితే కాలితో తన్నడం, రాయి పెట్టి కొట్టడం వాళ్లకు సహజం. తన్నకూడదని వాళ్లకు చెప్పిన వారెవరు?

చెప్పడానికి అడ్డేమిటి

రోడ్డు ఎలా దాటాలో బడిలో చెబుతున్నారు. పాము కరిస్తే ఏం చేయాలో చెబుతున్నారు. తుపాకి మాట దగ్గరికి వచ్చేసరికి అయ్యవార్లు నోరు మెదపరు. అందుకు కారణం లేకపోలేదు. 1959 నాటి ఆయుధాల చట్టం కింద లైసెన్సు లేని తుపాకి వుంచుకోవడం నేరం. 2019లో చట్టాన్ని సవరించి శిక్షను 2 నుంచి 5 ఏళ్ల జైలుగా పెంచారు. తయారు చేసిన వాడికి 7 ఏళ్ల నుంచి యావజ్జీవం దాకా పడవచ్చు. ‘మీ ఇళ్లలో తుపాకి ఎవరికుందిరా?’ అని క్లాసులో అడిగితే అమాయకంగా చెయ్యెత్తిన పిల్లవాడు తండ్రిని జైలుకు పంపినట్టే అవుతుంది. ఆ తరువాత ఆ ఊళ్లో ఏ పిల్లవాడూ ఏ అయ్యవారికీ ఏదీ చెప్పడు.

కనుక ఆ ప్రశ్న అడగకుండానే పాఠం చెప్పాలి. ఎవరింట్లో వుందన్నది బడికి అక్కరలేదు. అందరిళ్లలోనూ వుందన్నట్టే అందరికీ చెప్పాలి. కనబడితే ముట్టుకోవద్దు, తోటివాణ్ణి ముట్టుకోనివ్వద్దు, అక్కడి నుంచి వచ్చేయాలి, పెద్దవాళ్లకు చెప్పాలి. ఖాళీదే అని ఎవరు చెప్పినా నమ్మవద్దు. ఇంతకు మించి చిన్న తరగతులకు అవసరం లేదు.

వల్లిస్తే చాలదు

అయితే ఎక్కం చదివించినట్టు చదివిస్తే పని జరగదు. తుపాకులు లెక్కకు మిక్కిలిగా వున్న అమెరికాలో 2001లో వెలువడిన ఒక పరిశోధన ఈ విషయంలో కళ్లు తెరిపిస్తుంది. 8 నుంచి 12 ఏళ్ల మగపిల్లలను ఇద్దరు ముగ్గురు చొప్పున 29 జట్లు చేసి, పేలకుండా చేసిన నిజం తుపాకి దాచిన గదిలో కొద్దిసేపు వదిలారు. 21 జట్లు తుపాకిని కనిపెట్టాయి. 16 జట్లు చేతిలోకి తీసుకున్నాయి. 10 జట్లలో ఎవరో ఒకరు మీట నొక్కారు. దాన్ని చూసినవారిలో సగం మంది దాకా అది ఆటవస్తువో నిజమైనదో తేల్చుకోలేకపోయారు.

2004లో మరొక పరిశోధనలో జాగ్రత్తలు కంఠతా అప్పగించిన చిన్న పిల్లలు కూడా తీరా తుపాకి ఎదురుపడితే ఆ ప్రకారం నడుచుకోలేదు. చేసి చూపించి, వాళ్లచేత మళ్లీ మళ్లీ చేయించినప్పుడు ఫలితం మెరుగ్గా వచ్చింది. మన బడిలోనూ అంతే. ఒక కర్రను తుపాకి అనుకోమని మూలన పెట్టి, ఒక్కొక్కరినీ పిలిచి, వెనక్కి తిరిగి పోయి అయ్యవారికి చెప్పే దాకా ఆడించాలి. ఖర్చు లేని పని.

హైస్కూలులో ఎన్‌సీసీ వున్న చోట పని ఇంకా తేలిక. అక్కడ పాయింట్ 22 రైఫిల్ కాల్చడం నేర్పుతారు. కాల్చక ముందు, కాల్చాక ‘జాంచ్ శస్త్ర’ అని తుపాకి ఖాళీ అయిందో లేదో చూపించే పద్ధతి వుంది. మూతి ఎప్పుడూ మనిషి వైపు వుండరాదు, గురి కుదిరే దాకా వేలు మీట మీదికి పోరాదు. ఆ చిన్న తూటా కూడా మైలుకు పైగా పోగలదని క్యాడెట్లకు తెలుసు. ఆ క్యాడెట్లనే ప్రాథమిక పాఠశాలకు పంపి చెప్పించవచ్చు. అయ్యవారి మాట కంటే యూనిఫారం వేసుకున్న అన్న మాట పిల్లల చెవికి బాగా ఎక్కుతుంది.

పెద్దల వంతు

అసలు భారమంతా పిల్లల మీద వేయడం న్యాయం కాదు. తండ్రి కూరి పెట్టిన తుపాకికి కొడుకు జాగ్రత్తపడాలనడం ఏం ధర్మం? చట్టంలో పంట రక్షణకని మూతి నుంచి మందు కూరే తుపాకికి లైసెన్సు అడిగే వీలుంది. 21 ఏళ్లు నిండాలి. లైసెన్సు వున్నంత మాత్రాన పందిని కాల్చే హక్కు వచ్చినట్టు కాదు, దానికి అటవీ శాఖ అనుమతి వేరే కావాలి. ఎన్నికలు వచ్చినప్పుడల్లా లైసెన్సు తుపాకులను స్టేషన్‌లో జమ చేయిస్తారు. అటక మీదివి మాత్రం ఏ ఎన్నికకూ కిందికి దిగవు. తెచ్చి అప్పగిస్తే కేసు పెట్టమని పోలీసులు ఊరి పెద్దల సమక్షంలో భరోసా ఇస్తే కొన్నయినా దిగుతాయి.

రాత్రి కాపలా సంగతి మరొకటి. పొద కదిలితే పంది అనుకుని కాల్చేవారున్నారు. మంచె మీదికి తండ్రికి అన్నం తీసుకుపోయే పిల్లలు టార్చి వెలిగించుకుని, గట్టిగా మాట్లాడుకుంటూ పోవాలి. చీకటి పడ్డాక పంపకపోతే మరీ మంచిది. ఎవరికైనా దెబ్బ తగిలితే గుళ్లు పీకబోకుండా శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమిపట్టి 108కి ఫోన్ చేయాలి. కేసవుతుందని దాచి ఇంట్లో పసరు వైద్యం చేస్తే ప్రాణం మీదికి వస్తుంది.

బడులు జూన్‌లో తెరుస్తారు. వేరుశనగ విత్తేదీ ఆ రోజుల్లోనే. కాయ పట్టాక పందులు చేలల్లోకి దిగుతాయి, అప్పుడు తుపాకులు అటక దిగుతాయి. పాఠం అంతకు ముందే, తల్లిదండ్రుల మొదటి సమావేశం రోజున, వాళ్లు కూడా వెనక బెంచీల్లో కూర్చుని వుండగా చెప్పాలి.