షిఫ్టు మారితే ఇంటి పని కూడా మారాలి

సూర్యాపేట జిల్లా మేళ్లచెరువు చుట్టుపక్కల సున్నపురాయి దండిగా దొరుకుతుంది. అందుకే ఇక్కడ సిమెంటు ఫ్యాక్టరీలు వెలిశాయి. వాటిలో పనిచేసే తల్లిదండ్రులకు ఇంటి పనికీ పిల్లలకూ సమయం ఎందుకు చాలదో తెలియాలంటే ముందు ఫ్యాక్టరీ నడిచే తీరు తెలియాలి.

సున్నపురాయి, బంకమట్టి లాంటివి కలిపిన పొడిని కిలన్ (తిరిగే పొడవాటి గొట్టం లాంటి కొలిమి)లో సుమారు 1450 డిగ్రీల సెల్సియస్ వేడి దగ్గర కాలుస్తారు. అలా వచ్చే క్లింకర్ (గట్టి ఉండలు)ను కొద్దిగా జిప్సంతో కలిపి పొడి చేస్తే సిమెంటు అవుతుంది. కిలన్‌ను ఆపితే అది చల్లారుతుంది. లోపలి ఇటుకలు దెబ్బతినవచ్చు. మళ్లీ వేడెక్కించడానికి చాలా సమయం, ఇంధనం ఖర్చవుతాయి. కాబట్టి రాత్రింబవళ్లు నడుపుతారు. అందుకే మూడు షిఫ్టులు. ఎప్పుడూ ఒకరికే నైట్ పడకుండా షిఫ్టులు మారుస్తుంటారు.

ఇంటి వేళలు మాత్రం మారవు. బడి గంట, అన్నం వేళ, పిల్లల నిద్ర రోజూ అదే సమయానికి వస్తాయి. ఇబ్బంది అంతా ఇక్కడే మొదలవుతుంది.

నైట్ షిఫ్టు వారాన్నే చూద్దాం. తండ్రి ఉదయం ఆరింటికి డ్యూటీ దిగుతాడు. తల్లి పత్తి ఏరడానికో మిర్చి కోతకో పొద్దున్నే ఆటో ఎక్కాలి. పిల్లలను తయారుచేసి బడికి దింపే పని తండ్రి మీద పడుతుంది. ఆయన పడుకునేసరికి తొమ్మిది దాటుతుంది. మన జీవ గడియారం (నిద్రనూ మెలకువనూ నడిపే శరీర వ్యవస్థ) వెలుతురును బట్టి తన వేళలు సర్దుకుంటుంది. ఈ గడియారం గుట్టు విప్పిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 2017లో నోబెల్ బహుమతి వచ్చింది. పగటిపూట శరీరం మెలకువనే కోరుతుంది. అందుకే ఆ నిద్ర తక్కువసేపు పడుతుంది, మాటిమాటికీ తెగుతుంది. దాని ఫలితం చిరాకు, మరుపు, బండి నడుపుతుంటే కునుకు.

తల్లి సంగతి వేరు. 2024లో కేంద్ర ప్రభుత్వం చేయించిన సమయ వినియోగ సర్వే (రోజులో ఏ పనికి ఎంతసేపు పడుతుందో చెప్పే లెక్క) ప్రకారం, దేశంలో జీతం లేని ఇంటి పని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు దానికే పెడుతున్నారు. మగవాళ్లు 88 నిమిషాలు. కూలికి వెళ్లొచ్చిన తల్లికి కూడా పొయ్యి, అంట్లు, బట్టలు తప్పడం లేదు. ఆమెను ఇంకా త్వరగా చేయమనడం పరిష్కారం కాదు. పనిని పంచుకోవాలి.

ఆ పంపకానికి షిఫ్టు చార్టే ఆధారం. అది చేతికి రాగానే గోడ క్యాలెండర్‌లో తేదీల పక్కన షిఫ్టు రాసిపెట్టండి. మొదటి షిఫ్టు వారంలో తండ్రి మధ్యాహ్నానికే ఇంటికి వస్తాడు. కాబట్టి రాత్రి వంట, పిల్లల హోంవర్కు ఆయనవి. రెండో షిఫ్టులో పొద్దున ఇంట్లో ఉంటాడు. టిఫిన్ డబ్బాలు కట్టడం, బడికి దింపడం ఆయన వంతు. నైట్ షిఫ్టులో ముందు నిద్రకు గంటలు కేటాయించాలి. గదిలో చీకటి ఉండాలి, ఫోన్ మోగకూడదు. ఆ వారం పిల్లలను దింపడానికి పక్కింటి వాళ్లతో వంతు మాట్లాడుకోవచ్చు. మూడేళ్లు నిండిన పిల్లలకు అంగన్‌వాడీ ఉంది. పిల్లలతో కూర్చునే సమయం సాయంత్రం, డ్యూటీకి వెళ్లేముందు దొరుకుతుంది.

ఈ ఏర్పాటు తెగేది ఒకచోటే. రిలీవర్ (తర్వాతి షిఫ్టు మనిషి) రాకపోతే డబుల్ డ్యూటీ పడుతుంది. ఇంట్లో అనుకున్న వంతులన్నీ తలకిందులవుతాయి. అలాంటి రోజుకు ఎవరిని పిలవాలో ముందే అనుకుని ఉండాలి. షిఫ్టు చార్టును ముందుగా ఇవ్వడం, ఇచ్చాక మార్చకపోవడం యాజమాన్యాల బాధ్యత. వారం ముందు తెలిసిన నైట్ షిఫ్టుకు ఇల్లు సర్దుకోగలదు. గంట ముందు తెలిసినదానికి సర్దుకోలేదు.