పెద్ద యానిమేషన్ స్టూడియోలో తొలి ఉద్యోగం: రీల్ ఒక్కటే సరిపోదు, ఒప్పందమూ చదవాలి

2024 డిసెంబరులో ‘ముఫాసా: ది లయన్ కింగ్’ విడుదలైంది. అందులోని సింహాలకు తెరమీద ప్రాణం పోసిన ఎంపీసీ స్టూడియోకు బెంగళూరులో పెద్ద శాఖ ఉండేది. సినిమా వచ్చి రెండు నెలలు దాటాయో లేదో, 2025 ఫిబ్రవరిలో ఎంపీసీ మాతృసంస్థ టెక్నికలర్ గ్రూప్ కుప్పకూలింది. బెంగళూరు, ముంబై కార్యాలయాల్లో వేలమంది ఉద్యోగాలు ఒక్కసారిగా ప్రశ్నార్థకమయ్యాయి.

యానిమేషన్ కోర్సుల్లో చేరే చాలామంది యువతకు పెద్ద స్టూడియో పేరు ఒక కల. అందులో తప్పేమీ లేదు. అయితే లోపలికి వెళ్లే దారి ఏది, లోపల మొదట దొరికే పని ఏది, ఆ పని ఎవరి ఆర్డరు మీద నడుస్తుంది అన్న మూడు విషయాలు చేరకముందే తెలుసుకోవాలి.

రెండు రకాల స్టూడియోలు

మన దేశంలోని స్టూడియోలను స్థూలంగా రెండు రకాలుగా చూడవచ్చు. మొదటి రకం సొంత పాత్రలను, సొంత కథలను తయారుచేసుకునేవి. 2001లో హైదరాబాద్‌లో మొదలైన గ్రీన్ గోల్డ్ యానిమేషన్ ఇందుకు ఉదాహరణ. 2008లో పోగో ఛానల్‌లో మొదలైన దాని ‘ఛోటా భీమ్’ ఇంటింటి పేరైంది. పాత్ర మీద హక్కు స్టూడియోదే కాబట్టి సీరియల్ తర్వాత సినిమాలు, బొమ్మలు, ఇతర వస్తువుల మీద కూడా ఆదాయం వస్తుంది.

రెండో రకం సేవా స్టూడియోలు. కథ, పాత్రలు, హక్కులు అన్నీ విదేశీ నిర్మాణ సంస్థవే. ఇక్కడ జరిగేది ఆర్డరు తీసుకుని షాట్లు పూర్తిచేసి ఇవ్వడం. 2011లో వచ్చిన ‘పస్ ఇన్ బూట్స్’ కోసం డ్రీమ్‌వర్క్స్ బెంగళూరులో ప్రత్యేక బృందంతో పని చేయించుకుంది. డీనెగ్, ఫ్రేమ్‌స్టోర్ వంటి సంస్థల భారతీయ శాఖలు సినిమాల విజువల్ ఎఫెక్ట్స్ పని చేస్తాయి. పెద్ద హాలీవుడ్ సినిమా పేరు తన రెజ్యూమెలో ఉండాలనుకునే భారతీయ యువతకు ఎక్కువగా అందుబాటులో ఉన్న దారి ఈ రెండో రకమే. డిస్నీ, పిక్సార్ ప్రధాన స్టూడియోలు కాలిఫోర్నియాలో ఉన్నాయి. అక్కడ చేరాలంటే ప్రతిభతోపాటు అమెరికాలో పనిచేసే అనుమతి కూడా కావాలి.

మొదటి మెట్టు ఎక్కడ?

ఒక యానిమేషన్ సినిమా కథ, స్టోరీబోర్డు, పాత్రల రూపకల్పనతో మొదలవుతుంది. తర్వాత పాత్రను త్రీడీలో మలచడం మోడలింగ్. ఆ బొమ్మ కదలడానికి లోపల ఎముకలు, కీళ్ల వంటి అమరిక చేయడం రిగ్గింగ్. కదలిక, నటన ఇవ్వడం యానిమేషన్. ఆ తర్వాత లైటింగ్, చివరగా అన్ని పొరలనూ కలిపే కంపోజిటింగ్. సేవా స్టూడియోల్లో మొదటి అంచెలు సాధారణంగా విదేశంలోని ప్రధాన కార్యాలయం చేతిలో ఉంటాయి. ఇక్కడికి ఎక్కువగా వచ్చేవి తర్వాతి అంచెలు.

విజువల్ ఎఫెక్ట్స్ విభాగంలో కొత్తవారికి తరచుగా దొరికే పని రోటో. అంటే నటుడి అంచులను ఫ్రేము ఫ్రేముకూ గీసి, వెనకున్న దృశ్యం నుంచి వేరుచేయడం. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు. ఐదు సెకన్ల షాటంటే 120 ఫ్రేములు. ఓపికతో, కచ్చితత్వంతో చేయాల్సిన పని ఇది. ఇలాంటి పనిలో కొంత భాగాన్ని ఇప్పుడు ఏఐ పరికరాలు చేసేస్తున్నాయి. అందుకే రోటోలో చేరినవారు అక్కడే ఆగిపోకుండా కంపోజిటింగ్ వైపో, తమకు ఇష్టమైన మరో విభాగం వైపో నేర్చుకుంటూ వెళ్లాలి.

రీల్‌లో ఏం చూస్తారు?

ఈ రంగంలో డిగ్రీ కంటే డెమో రీల్‌కే ఎక్కువ విలువ. ఒకటి రెండు నిమిషాలు చాలు. అన్నింటికన్నా మంచి షాట్ మొదట ఉండాలి. బాగా రాని షాట్లను నిడివి కోసం చేర్చితే నష్టమే. పదిమంది కలిసి చేసిన షాట్‌లో తాను చేసింది ఏమిటో స్పష్టంగా రాయాలి. మోడలర్ ఉద్యోగానికి, యానిమేటర్ ఉద్యోగానికి ఒకే రీల్ పనికిరాదు.

యానిమేటర్ రీల్‌లో చూసేది ప్రధానంగా బరువు, కాలగతి, నటన. బియ్యం బస్తా ఎత్తే మనిషి నడుము ఎలా వంగుతుంది, పాదం ఎక్కడ ఆనుతుంది అన్నది గమనించిన చెయ్యి వెంటనే తెలిసిపోతుంది. డిస్నీ యానిమేటర్లు ఫ్రాంక్ థామస్, ఆలీ జాన్‌స్టన్ 1981లో తమ పుస్తకంలో వివరించిన 12 సూత్రాలు నేటికీ ఈ విద్యకు పునాది.

సాఫ్ట్‌వేర్ తర్వాతి విషయం. పెద్ద స్టూడియోల్లో మాయా వాడకం ఎక్కువ. కానీ 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ గెలిచిన లాట్వియా దర్శకుడి ‘ఫ్లో’ సినిమాను ఉచితంగా దొరికే బ్లెండర్‌లో తీశారు. లక్షల ఫీజు కట్టలేని విద్యార్థి కూడా రీల్ తయారుచేసుకోవచ్చని దీని అర్థం.

సంతకం పెట్టే ముందు

ఎంపికైన ఆనందంలో చాలామంది ఒప్పందం చదవరు. చూడాల్సినవి ముఖ్యంగా రెండు. మొదటిది బాండు. నిర్ణీత కాలం కంటే ముందే మానేస్తే ఎంత కట్టాలి, శిక్షణ కాలంలో జీతం ఎంత అన్నది తెలియాలి. 2025 మేలో విజయా బ్యాంకు కేసులో, మూడేళ్లు పనిచేయకుండా వెళ్లిపోతే 2 లక్షల రూపాయలు చెల్లించాలన్న షరతును సుప్రీంకోర్టు సమర్థించింది. అది ప్రభుత్వ రంగ బ్యాంకు నియామకాల నేపథ్యంలో ఇచ్చిన తీర్పు కాబట్టి ప్రతి స్టూడియో బాండుకూ అచ్చంగా వర్తిస్తుందని చెప్పలేం. అయినా ‘బాండ్లు కోర్టులో నిలబడవు’ అన్న ధీమాతో సంతకం పెట్టడం ప్రమాదమే.

రెండోది గోప్యత షరతు. స్టూడియోలో చేసిన షాట్లు ఉద్యోగి సొంతం కావు. సినిమా విడుదలై, అనుమతి వచ్చేదాకా వాటిని రీల్‌లో పెట్టకూడదు. సంస్థ ఉన్నట్టుండి మూతపడితే రెండేళ్ల పని సర్వర్లలోనే ఉండిపోతుంది, చేసినవారి చేతిలో చూపించుకోవడానికి ఏమీ మిగలదు. అందువల్ల సినిమా విడుదలైన ప్రతిసారీ అనుమతి అడిగి షాట్లు తీసుకోవాలి. ఏడాదికి ఒకటి రెండైనా సొంత షాట్లు ఇంట్లో చేసుకోవాలి.

ఆస్కార్ వచ్చినా దివాలా

టెక్నికలర్ పతనం మొదటిది కాదు. ‘లైఫ్ ఆఫ్ పై’లో పులిని సృష్టించిన రిథమ్ అండ్ హ్యూస్ 2013 ఫిబ్రవరిలో దివాలా పిటిషన్ వేసింది. అదే నెలలో ఆ సినిమాకు విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ వచ్చింది. ఆ సంస్థకు హైదరాబాద్‌లోనూ శాఖ ఉండేది. సమస్య ప్రతిభది కాదు. సేవా స్టూడియో ముందే ఒక ధర ఒప్పుకుంటుంది. దర్శకుడు షాట్లు మార్చమన్నకొద్దీ ఖర్చు పెరుగుతుంది, ధర మాత్రం అంతే ఉంటుంది. సినిమా ఎన్ని కోట్లు వసూలు చేసినా అందులో వాటా రాదు. ఒక సినిమా వాయిదా పడితే ఇక్కడ వందలమందికి పని ఆగిపోతుంది.

2025లో ‘మహావతార్ నరసింహ’ తెలుగుతో సహా పలు భాషల్లో ఘనవిజయం సాధించాక, సొంత కథలకు మన దేశంలోనే మార్కెట్ ఉందన్న నమ్మకం పెరిగింది. అలాంటి సినిమాలు వరుసగా వస్తేనే విదేశీ ఆర్డర్ల మీద ఆధారపడటం తగ్గుతుంది. అప్పటివరకూ తొలి ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వెళ్లే యువత తమవైపు నుంచీ కొన్ని ప్రశ్నలు అడగాలి: నన్ను తీసుకుంటున్నది ఏ ప్రాజెక్టుకు? అది ఎప్పుడు ముగుస్తుంది? ఆ తర్వాత ఏముంది?