పెరటి జింకలూ, వేట టాగులూ

నవంబరు 15 దగ్గరపడుతోందంటే మిషిగన్ ఆఫీసుల్లో, ఫాక్టరీల్లో సెలవు చీటీలు ఎక్కువవుతాయి. ఆ రోజు జింకల తుపాకి వేట మొదలై నెలాఖరు దాకా సాగుతుంది. నారింజ రంగు కోట్లు తొడుక్కుని జనం అడవిదారి పడతారు.

మనలో చాలామందికి ఇది మింగుడుపడని సంగతి. ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక జింకను చంపితే జైలు. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. అక్కడినుంచి వచ్చిన మనకి, ప్రభుత్వమే డబ్బు పుచ్చుకుని వేటకి చీటీ ఇవ్వడం విడ్డూరంగానే తోస్తుంది. కాని మన ఊళ్ళలో జింకల గురించి టౌన్‌షిప్ సమావేశాలు జరుగుతున్నాయి, ఓట్లు పడుతున్నాయి. ఈ వ్యవహారం ఎలా నడుస్తుందో మనమూ తెలుసుకోవడం మంచిదని ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

టాగు అంటే లైసెన్సుతో పాటు ఇచ్చే చీటీ. జింకను కొట్టిన వెంటనే వేటగాడు దానికి ఈ చీటీ కట్టాలి. ఒక చీటీకి ఒకటే జింక. 2022 నుంచి కొట్టిన 72 గంటల లోపల రాష్ట్ర వనరుల శాఖకి ఆ సంగతి తెలపడం కూడా తప్పనిసరి చేశారు. కాబట్టి ఎన్ని టాగులు ఇవ్వాలి, ఏ ప్రాంతంలో ఇవ్వాలి, కొమ్ములున్నవాటికా లేనివాటికా అన్నదే జింకల సంఖ్యమీద ప్రభుత్వం చేతిలో ఉన్న పగ్గం.

ఈ పగ్గం ఊరికే పుట్టలేదు. పందొమ్మిదో శతాబ్దం చివరికి కలప కోసం అడవులు నరికేశారు. మాంసం, తోళ్ళ వ్యాపారం కోసం జింకల్ని లెక్కలేకుండా చంపారు. 1895లో మొదటిసారిగా మనిషికి అయిదు జింకలని హద్దు పెట్టారు. తరవాత ఆ హద్దు తగ్గుతూ వచ్చి, 1921లో ఏడాదికి ఒక్క మగజింకే అన్న చట్టం అయింది. ఆడవాటిని ముట్టుకోరాదు. నరికిన అడవుల్లో చిగురు మొలిచింది, జింకలు మళ్ళీ పెరిగాయి. 1970ల మొదట్లో సుమారు అయిదు లక్షలకి పడిపోయిన మంద, 1989 నాటికి ఇరవై లక్షలకి చేరింది.

ఇంత తొందరగా ఎలా పెరుగుతాయని అనుమానం రావచ్చు. దానికి జవాబు ఆన్ ఆర్బర్‌కి దగ్గరలోనే ఉంది. పింక్నీ వద్ద మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన జార్జ్ రిజర్వులో, కంచె వేసిన పదకొండు వందల పైచిలుకు ఎకరాల్లో, 1928లో నాలుగు ఆడ, రెండు మగ, వెరసి ఆరు జింకల్ని వదిలారు. 1933 డిసెంబరులో మనుషుల్ని వరసగా నిలబెట్టి లెక్కిస్తే 160 తేలాయి! తిండికి కరువు లేకపోతే ఎదిగిన ఆడజింక ఏటా కవలల్ని ఈనుతుంది. ఒక మగది ఎన్నో ఆడవాటికి చాలు. మగవాటిని ఎన్ని కొట్టినా మంద తగ్గకపోవడానికి కారణం ఇదే. పెంచాలన్నా తుంచాలన్నా కీలకం ఆడజింక టాగుల్లోనే ఉంది.

ఒకే రాష్ట్రంలో ఈ టాగుల కథ రెండు తీరులుగా నడుస్తోంది. మాకినా వంతెన దాటి పై ద్వీపకల్పానికి వెళితే జింకలు పలచబడ్డాయని అక్కడివారి గోల. లేక్ సుపీరియర్ పక్కన మంచు నిలువెత్తున పడుతుంది. వరసగా రెండు గడ్డు చలికాలాలు వస్తే పిల్లలూ ముసలివీ నిలవవు. తోడేళ్ళు కూడా తిరిగి వచ్చి స్థిరపడ్డాయి. తప్పు తోడేళ్ళదని కొందరు, మంచుదని కొందరు వాదించుకుంటారు. అందుకని మంచు ఎక్కువగా పడే ఉత్తరపు ప్రాంతాల్లో ఆడజింక టాగులు ఏళ్ళ తరబడి బిగబట్టారు. దక్షిణాన అంతా ఇందుకు విరుద్ధం. 2021లో ఒక మనిషి పది దాకా ఆడజింక టాగులు కొనుక్కోవచ్చని అనుమతించారు. అయినా మంద తగ్గలేదు.

ఎందుకు తగ్గలేదంటే కొట్టేవాళ్ళు తగ్గిపోతున్నారు. 1990ల చివర ఎనిమిది లక్షలకి దగ్గరగా ఉన్న వేటగాళ్ళు ఇప్పుడు ఆరు లక్షలకి అటూ ఇటూ. పెద్దవాళ్ళు మానుకుంటున్నారు, పిల్లలు నేర్చుకోవడం లేదు. పదేసి టాగులిచ్చినా ఒకటి రెండు జింకలు చాలనుకునేవారే ఎక్కువ. మాంసం దాచుకునే ఫ్రీజరుకి కూడా ఒక హద్దుంటుంది కదా! పైగా ఇళ్ళకి 450 అడుగుల లోపల అనుమతి లేకుండా తుపాకి వేట కూడదు. అంటే పొలాలు పోయి సబ్ డివిజన్లు వెలిసినచోట జింకకి మించిన క్షేమం లేదు. వేట లేదు, తోడేలు లేదు, పచ్చిక ఉంది, మన బీరపాదూ గోంగూరా ఉన్నాయి. చెప్పొచ్చేదేమంటే, ఈ మందని పెంచినవారిలో పెద్ద పెద్ద పెరళ్ళు కొనుక్కున్న మనమూ ఉన్నాము.

గోంగూర పోతే మళ్ళీ నాటుకోవచ్చు. మిషిగన్‌లో ఏటా 50 వేలకు పైగా కార్లు జింకల్ని గుద్దుకుంటున్నాయి. అక్టోబరు, నవంబరు నెలల్లో ఇది మరీ ఎక్కువ. కొత్తగా కారు నడపడం నేర్చుకునే పిల్లలున్న ఇళ్ళకి ఇది చిన్న సంగతి కాదు. ఆపైన జబ్బు. 2015లో ఈస్ట్ లాన్సింగ్ పక్కనున్న మెరిడియన్ టౌన్‌షిప్‌లో ఒక ఆడజింకకి మెదడుని తినేసే క్షీణవ్యాధి బయటపడింది. రాష్ట్రంలో అడవి జింకకి ఇది రావడం అదే మొదలు. దీనికి మందు లేదు. మనుషులకి సోకినట్టు దాఖలా లేదు గాని, జింకలు గుంపుగా ఒకచోట తింటే చొంగ ద్వారా ఒకదానినుంచి ఒకదానికి పాకుతుంది. అందుకే 2019లో కింది ద్వీపకల్పమంతటా జింకలకి మేత వేయడాన్ని నిషేధించారు. మూగజీవానికి తిండి పెడితే పుణ్యమని పెరిగినవాళ్ళం మనం. కాని పెరట్లో మొక్కజొన్న పోస్తే ఇక్కడ ఆ జీవికి మేలుకి బదులు కీడే జరుగుతుంది.

మరి ఊళ్ళు ఏం చేశాయి? మెరిడియన్‌లో 2011 నుంచి ఎంపిక చేసిన విలుకాళ్ళని టౌన్‌షిప్ భూముల్లో వేటకి రానిచ్చారు. ఆన్ ఆర్బర్‌లో 2016 చలికాలంలో గురిగాళ్ళని పెట్టి కొట్టించారు. మరుసటేడు దానితోపాటు ఆడజింకలకి గర్భనిరోధక శస్త్రచికిత్స కూడా మొదలుపెట్టారు. రెండింటిమీదా ఊరు రెండుగా చీలింది. ఆపరేషను చేసిన జింక బతికే ఉంటుంది గనక పాదులు తినడం మానదు, రోడ్డు దాటడం మానదు. ఖర్చు ఎక్కువ, ఫలితం ఆలస్యం. తుపాకి ఫలితం వెంటనే కనిపిస్తుంది గాని, పిల్లలు ఆడుకునే పార్కులో అది చూడడానికి మనసొప్పదు.

మన సభ్యుల్లో శాకాహారులున్నారు, అహింసని వ్రతంగా పాటించేవారూ ఉన్నారు. అందరూ వేటని మెచ్చుకోవాలని మా ఉద్దేశం కాదు. అయితే ఏమీ చేయకపోవడం కూడా అహింస కాదని గుర్తుంచుకోవాలి. కొట్టని జింక కారు కిందో, ఆకలితోనో, జబ్బుతోనో పోతుంది. ఏ దారి తక్కువ బాధాకరమో తేల్చుకోవలసినది మన ఊరిలో ఉన్న మనమే. టౌన్‌షిప్ సమావేశానికి నోటీసు వస్తే చెత్తబుట్టలో వేయకుండా వెళ్ళండి. మీ అభిప్రాయం ఏదైనా సరే చెప్పండి. ఎవరూ చెప్పకపోతే మన వీధి సంగతి మరొకరు తేలుస్తారు.

ఈలోగా చేయదగినవి మూడు. కూరపాదులకి ఎనిమిది అడుగుల కంచె వేయండి, అంతకు తక్కువైతే ఎగిరి దూకుతాయి. సాయంత్రాలూ తెల్లవారుజామునా కారు నిదానంగా నడపండి. ఒక జింక దాటితే వెనక మరొకటి ఉంటుందని అనుకోండి. తప్పించబోయి స్టీరింగు తిప్పకండి, మీ వరసలోనే ఉండి బ్రేకు వేయండి. జింకని తప్పించబోయి చెట్టుని కొట్టుకుంటే ప్రమాదం మరింత పెద్దది.