ఊరి పేరు, ఊరి పొలిమేర

తొర్రూరిలో పదవ తరగతి చదువు విద్యార్థి యొకడు దరఖాస్తు పత్రమును ముందు పెట్టుకొని కూర్చుండెననుకొందము. మీ జిల్లా యేది యని పత్రమడుగుచున్నది. 2016కు ముందు పుట్టినవాడు గనుక వాని జననపత్రములో వరంగల్లు జిల్లా యనియున్నది. బడి రికార్డులో మహబూబాబాదు జిల్లా యనియున్నది. తాతగారు "మనది ఓరుగల్లు జిల్లా" యనుచున్నారు. మేనమామ "కాదు, మానుకోట జిల్లా" యనుచున్నాడు. ఇన్ని విధములుగా చెప్పినను అందులో నెవరును అబద్ధమాడలేదు. ఆ పిల్లవాడు పుట్టిన యిల్లు ఒక్క యడుగైనను కదలలేదు. ఐనను వాని జిల్లా మారినది.

ఇట్టి చిక్కు మన యూరికి మాత్రమే కలిగినది కాదు. ఊళ్ల పేర్లనుగూర్చియు, పేటల హద్దులనుగూర్చియు తగవులు లేని పట్టణము లోకమున అరుదు. ఆ తగవు లెట్లు పుట్టునో, వానివలన సామాన్యులకు కలుగు కష్టనష్టము లెట్టివో మన యోరుగంటి ప్రాంతపు కథనే యుదాహరణముగా గొని వివరింప యత్నించెదను.

మొదట ఒక భేదమును గుర్తింపవలెను. మన పల్లెలలో ఊరి నడుమ బొడ్రాయి యుండును. బొడ్డు దేహమునకు నడిమి గుర్తైనట్లు బొడ్రాయి ఊరికి నడిమి గుర్తు. పొలిమేర యన్ననో, ఊరి చివర నుండునది. ఊరి పేరు బొడ్రాయి యొద్ద పుట్టి నలుదిక్కులకు వ్యాపించును. దూరము పోయినకొలది పలుచబడును. పొలిమేర యట్లు కాదు. అది గీత. గీతకు ఈవల నొక యడుగు ఒక యూరు, ఆవల నొక యడుగు మరియొక యూరు. పన్ను వసూలు చేయువానికిని, ఓటర్ల జాబితా వ్రాయువానికిని గీత యావశ్యకము. ఈ యిల్లు ఇంచుమించుగా ఫలానా పేటలోనిది యని వారు వ్రాసికొనజాలరు. పేరు నడిమినుండి పుట్టును. హద్దు అంచున గీయబడును. ఈ రెండును ఒక్కటే యని తలచినపుడు తగవు మొదలగును.

ఓరుగంటి నగరమున మూడు నడిమి గుర్తులు కలవు. మొదటిది అనుమకొండ. ఇది కొండ పేరిట వెలసిన యూరు. కాకతీయుల శాసనములలో అనుమకొండ యనియే కానవచ్చును. రుద్రదేవుడు 1163వ సంవత్సరమున వేయిస్తంభముల గుడియందు శాసనము వేయించునాటికి రాజధాని యిదియే. రెండవది ఓరుగల్లు. ఒంటి రాయి, అనగా ఏకశిల, దీని పేరునకు మూలము. గణపతిదేవుని కాలమున రాజధాని యిచ్చటికి మారినది. ఆయనయు, ఆయన కుమార్తె రుద్రమదేవియు కోటను బలపరచిరి. 1323లో ఢిల్లీ సేనలు కోటను పట్టుకొన్న పిమ్మట దీనికి సుల్తానుపూరు అను క్రొత్త పేరు పెట్టిరి. ఆ పేరు నేడు చరిత్ర పుస్తకములలో తప్ప నెచ్చటను లేదు. రాజు పెట్టిన పేరు జనుల నోట నిలువనిచో నెంతకాలము బ్రదుకునో దీనివలన తెలియును. మూడవది కాజీపేట. 19వ శతాబ్దమున కాజీ పదవియందుండిన సూఫీ గురువు అఫ్జల్ బియాబానీ గారి దర్గా యిచ్చట నున్నది. పిమ్మట రైలుమార్గము వచ్చి కాజీపేటను పెద్ద కూడలిగా చేసినది.

కొండయొద్ద నొకటి, రాయియొద్ద నొకటి, దర్గాయొద్ద నొకటి, ఇట్లు మూడూళ్లు వేరువేరుగా పుట్టి పెరిగి యొకదాని నొకటి తాకినవి. కాజీపేట స్టేషనునకును వరంగల్లు స్టేషనునకును నడుమ సుమారు 10 కిలోమీటర్ల దూరము. ఆ నడుమనే హనుమకొండ యున్నది. నేడు ఆ దారిని పోవువానికి ఒక యూరెచ్చట ముగిసెనో, మరియొక యూరెచ్చట మొదలాయెనో కంటికి కనబడదు. ఐనను హనుమకొండవాడు తాను వరంగల్లు బజారునకు పోవుచున్నాననును గాని తాను వరంగల్లులోనే యున్నానని తలపడు. తొర్రూరినుండి బస్సెక్కిన మనమో, వర్ధన్నపేట దాటిన పిమ్మట కనబడు నగరమంతటిని వరంగల్లే యందుము. దూరమునుండి చూచువానికి నగర మొక్కటి. లోపల నివసించువానికి మూడు. రెండును నిజములే.

మిషను చరిత్ర చదివినవారికిని ఈ సంగతి తోచకపోదు. అమెరికను బాప్తిస్టు మిషనువారు 1879లో ఈ ప్రాంతమున కేంద్రము స్థాపించినపుడు దానిని హనుమకొండ కేంద్రమనియే పిలిచిరి. తరువాతి కాలమున వచ్చిన గొప్ప సంస్థలు మాత్రము వరంగల్లు పేరునే ధరించినవి. 1959లో స్థాపింపబడి నేడు జాతీయ సాంకేతిక విద్యాసంస్థ యనబడు కళాశాల పేరులో వరంగల్లు కలదు. అది యున్నది హనుమకొండ జిల్లాయందు.

ఇక హద్దుల సంగతి. 1994లో వరంగల్లు పురపాలక సంఘము నగరపాలక సంస్థ యైనది. మూడూళ్లును దాని క్రిందనే యున్నవి. అప్పటికి జిల్లా యొక్కటే గనుక ఎవరికిని బాధ లేకుండెను. 2016లో తెలంగాణ ప్రభుత్వము జిల్లాలను విభజింప బూనినది. ఆగస్టు 22వ తేదీన వెలువడిన ముసాయిదాలో వరంగల్లు జిల్లా, హనుమకొండ జిల్లా వేరువేరుగా కనబడెను. ఒక్క నగరమును రెండు జిల్లాలుగా చీల్చుట తగదని నగరవాసులు అభ్యంతరము చెప్పిరి. అంతట ప్రభుత్వము ఆ యాలోచన మాని, నగరమునంతటిని వరంగల్లు అర్బను జిల్లాలో నుంచి, చుట్టుపట్ల పల్లెలతో వరంగల్లు రూరలు జిల్లా నేర్పరచెను. ముసాయిదాలో లేని జనగామ, అచ్చటి ప్రజల దీర్ఘకాలపు ఆందోళనమువలన, జిల్లాగా చేర్పబడెను. 2016 అక్టోబరు 11, విజయదశమినాడు, రాష్ట్రమునందలి 10 జిల్లాలు 31 అయ్యెను. 2019లో ములుగు, నారాయణపేట చేరగా 33 అయ్యెను.

కథ అంతటితో ముగియలేదు. అర్బను, రూరలు అను పేర్లు ఎవరికిని నచ్చలేదు. అవి ఏ కొండనుండియు, ఏ రాయినుండియు పుట్టినవి కావు. ఏ ముసలమ్మయు మాది రూరలు జిల్లా నాయనా యని మురియజాలదు. కావున 2021 ఆగస్టులో అర్బను జిల్లాకు హనుమకొండ యనియు, రూరలు జిల్లాకు వరంగల్లు అనియు పేరు మార్చిరి. అయితే వరంగల్లను పేరుగల జిల్లాలో వరంగల్లు పట్టణము లేకున్న నవ్వుబాటు గదా! అందువలన వరంగల్లు, ఖిలా వరంగల్లు మండలములను తెచ్చి ఆ జిల్లాలో కలిపిరి. ఈ విధముగా, ఏ విభజన వలదని నగరవాసులు 2016లో మొరపెట్టుకొనిరో ఆ విభజనయే 2021లో పేరు దిద్దుబాటు ద్వారమున వచ్చి చేరెను. నగరపాలక సంస్థ యొక్కటే, కలెక్టరులు మాత్ర మిద్దరు.

ఎన్నికల పటమును చూచితిమేని మరియొక వింత. హనుమకొండ యను లోకసభా నియోజకవర్గ మొకటి పూర్వముండెను, పి.వి. నరసింహారావుగారు 1977లోను 1980లోను అచ్చటినుండియే లోకసభకు ఎన్నికైరి. 2009 ఎన్నికలనాటికి ఆ పేరు లోకసభ పటమునుండియు శాసనసభ పటమునుండియు తొలగిపోయినది. నగరమున వరంగల్లు తూర్పు, వరంగల్లు పడమర యను రెండు శాసనసభా స్థానము లేర్పడినవి. ఎన్నికల అధికారికి హనుమకొండ వరంగల్లులోని పడమటి భాగము. రెవెన్యూ అధికారికి అది వేరొక జిల్లా. ఒక్క నేలమీద రెండు చేతులు రెండు విధములుగా గీత గీసినవి.

మన తొర్రూరి స్థితి యింతకంటె తక్కువ చిత్రము కాదు. మన మండలము మహబూబాబాదు జిల్లాలోనిది. తొర్రూరు రెవెన్యూ డివిజనునకు ముఖ్యస్థలము. కాని శాసనసభకు మనము పాలకుర్తి నియోజకవర్గమువారము. ఆ నియోజకవర్గములోని తొర్రూరు, పెద్దవంగర మహబూబాబాదు జిల్లాలోను. పాలకుర్తి, దేవరుప్పుల, కొడకండ్ల జనగామ జిల్లాలోను. రాయపర్తి వరంగల్లు జిల్లాలోను ఉన్నవి. ఒక్క శాసనసభ్యునికి మూడు జిల్లాలు! లోకసభకు మహబూబాబాదు పట్టణమువారు మహబూబాబాదు సభ్యుని నెన్నుకొందురు. మనము వరంగల్లు సభ్యుని నెన్నుకొందుము. జిల్లా యొక దిక్కు, పార్లమెంటు మరియొక దిక్కు. మీది ఏ వైపని తొర్రూరివా నడిగినచో, ఏ పనికి అని తిరిగి యడుగుటయే సరియైన ప్రత్యుత్తరము.

ఇవన్నియు కాగితముమీది గీతలే గదా, వీనికై కలహమేల యని కొందరందురు. కాగితముమీది గీత బ్రదుకుమీద పడునని వారు మరచుచున్నారు. 2018 నాటి రాష్ట్రపతి ఉత్తరువు ప్రకారము మన రాష్ట్రము 7 జోనులుగాను, వానిపైన 2 బహుళ జోనులుగాను విభజింపబడినది. ప్రత్యక్ష నియామకములలో నూటికి 95 ఉద్యోగములు స్థానికులకే. స్థానికు డెవడను విషయము ఒకటవ తరగతి మొదలు ఏడవ తరగతి వరకు చదివిన చోటునుబట్టి నిర్ణయింపబడును. మహబూబాబాదు భద్రాద్రి జోనులోనిది. జనగామ యాదాద్రి జోనులోనిది. ఈ రెండు జోనులు వేరువేరు బహుళ జోనులలోనివి. నిన్నటివరకు ఒక్క జిల్లావారైన తొర్రూరి పిల్లవాడును పాలకుర్తి పిల్లవాడును ఉద్యోగముల విషయమున నేడు వేరు వేరు గడపలవా రైరి. 2021 డిసెంబరులో 317వ సంఖ్యగల ఉత్తరువుననుసరించి ఉద్యోగులను, ఉపాధ్యాయులను క్రొత్త జిల్లాలకు పంచినపుడు, సొంత యూరొక జిల్లాలోను పని మరియొక జిల్లాలోను పడినవా రెందరో గోడుగోడుమనిరి. గీత గీయువాని చేయి తేలిక. మోయువాని భుజము బరువు.

కష్టము పనిలోనే కాదు, పరువులోను కలదు. ఐర్లండు దీవికి ఉత్తరమున ఫోయిల్ నదీతీరమున డెరీ యను పట్టణము కలదు. సింధూరవృక్షముల తోపు అని దాని ఐరిషు పేరునకు అర్థము. 1613లో లండను వర్తక సంఘములవారి సంబంధమువలన రాజశాసనము దానికి లండన్‌డెరీ యని పేరిడెను. నాలుగు శతాబ్దములు గడచినను తగవు తీరలేదు. ఐరిషు జాతీయవాదులు డెరీ యందురు. బ్రిటిషు రాజ్యముతో నుండగోరువారు లండన్‌డెరీ యందురు. 1984లో పురపాలక సంఘము తన పేరును డెరీ యని మార్చుకొన్నను, పట్టణపు అధికార నామము లండన్‌డెరీయే యని 2007లో న్యాయస్థానము చెప్పెను. దారిలోని ఫలకములపై లండన్ అను భాగమును రంగుతో చెరిపివేయుట అచ్చట పరిపాటి. ఆ దీవియందలి డబ్లిను నగరమున 1985లో తపాలా వారు కొన్ని పేటలకు 26వ సంఖ్య నీయబోగా, తాము 6వ సంఖ్య పేటవారమే యని నివాసులు పట్టుబట్టిరి. తుదకు వారికి 6 పశ్చిమము అను సంఖ్య దక్కెను. ఒక్క అంకెకై అంత పట్టుదలయా యని నవ్వవచ్చును. కాని పేటపేరుతోడనే ఇంటి ధరయు, ఇంటివాని గౌరవమును కలిసియుండుట మన యొద్దను లేదా?

మరి కర్తవ్యమేమి? హద్దులు లేకుండ పరిపాలన సాగదు. పూర్వికులు నాటిన పొలిమేర రాతిని కదల్పరాదని సామెతల గ్రంథము హెచ్చరించుచున్నది. ఆ హెచ్చరికలోని మర్మము రాయి పవిత్రమనుట కాదు. రాయి కదలినపుడు బీదవాని పొలము తగ్గుననుట. కావున గీత గీయు పెద్దలు అంచున నివసించువారి మాట ముందుగా వినవలెను. జనగామవారి మొర వినుటవలన ఒక జిల్లా యేర్పడినది; నగరవాసుల మొర ఒకసారి విని మరియొకసారి విననందున నగరము రెండు జిల్లాల పాలైనది. వినుటకును వినకుండుటకును గల భేదమున కింతకంటె నిదర్శన మేల?

విద్యార్థులారా! మీరు చేయదగిన పనులు మూడు కలవు. మీ జిల్లా, మీ డివిజను, మీ శాసనసభా స్థానము, మీ లోకసభా స్థానము, మీ జోను, ఈ యైదింటిని వేరువేరుగా నేర్చుకొనుడు. జననపత్రములో ఒక జిల్లాయు, బడి పత్రములో మరియొక జిల్లాయు ఉన్నయెడల, తేదీ మారినదే గాని తప్పు వ్రాయబడలేదని ధైర్యముగా వివరించుడు. ఇతరుల యూరిని వారు పిలుచుకొను పేరుతోడనే పిలువుడు. హనుమకొండవానిని వరంగల్లువాడా యని యెత్తిపొడువకుడు. తాతగారు ఓరుగల్లు జిల్లా యనినపుడు దిద్దబోకుడు. ఆయన చెప్పునది గీత కాదు, బొడ్రాయి.

దరఖాస్తు పత్రములో మాత్రము మహబూబాబాదు అనియే వ్రాయుడు.